ఏడాదిన్నర కొసరు

తెనాలి నుంచి రేపల్లెకి ముప్ఫై చిల్లర కిలోమీటర్లు. ప్యాసింజరు బండి ఎంత బద్ధకించినా గంటన్నరలో దించేస్తుంది. మేము మూడో రోజుకి చేరాం. దారిలో బాపట్ల తగిలింది కదా అని ఇంట్లో చెప్పుకున్నాను గానీ, ఆ దారిన బాపట్ల తగలదు, తగిలించుకోవాలి. రేపల్లె రైలు ఒక వైపు పోతుంది, మేమెక్కిన రైలు ఇంకో వైపు పోయింది. ఈ చిన్న ప్రయాణం గురించి ఇంత రాయడం ఎందుకంటే, కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కూడా నాలాగా ఇసుకలో నాలుగు కాళ్ళ మీద నిలబడి నిజం చెప్పి ఉండరు.

ఎనభై ఎనిమిది జనవరి, క్రిస్మస్ సెలవులు అయిన వారం. మా అన్నయ్య కూతురు చిట్టి ఎనిమిదో తరగతి. వాళ్ళ బళ్ళో ఆడపిల్లల పిరమిడ్ జట్టు ఉంది. పిల్లలు ఒకరి వీపు మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడతారు, డప్పు మోగుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు లయగా కేకలు వేస్తారు. దానికి బడికీ బడికీ మధ్య పోటీలు. ఆడపిల్లల జట్టు వెంట టీచరు కాక ఇంకో ఆడమనిషి కూడా ఉండాలని ఆ ఏడు కొత్తగా నిబంధన పెట్టారు. డ్రిల్లు టీచరు సుగుణ గారు మా స్టీలు సామాన్ల కొట్టుకి వచ్చి, "మీరు రావాలి వదినగారూ. పదిమంది పిల్లలకి మూడు పూటలా తిండి, బస్సులు, బస. బేరమాడే మనిషి లేకపోతే నేను దోపిడీ అయిపోతాను" అన్నారు.

పుట్టింది కొట్లో, పెరిగింది కొట్లో, పెళ్ళయ్యాక కూడా కూర్చుంటున్నది అదే కొట్లో. నా విద్యకి ఊరు దాటి పిలుపు రావడం అదే మొదలు. పొంగిపోయి, ఎక్కడికి ఎందుకు అని అడగకుండానే ఒప్పేసుకున్నాను. అడగకుండా ఒప్పుకోవడం మా వంశంలో ఎవరూ చెయ్యని పని.

రైల్లో, నిడుబ్రోలు దాటాక

ఆ పిల్లల భాష నాకు రైల్లో అర్థమైంది. కింద నలుగురు ఉంటే అది మొదటి వరస. వాళ్ళ వీపుల మీద ముగ్గురు రెండో వరస, ఆ పైన ఇద్దరు, అందరికన్నా పైన ఒకతి. కిందివాళ్ళు చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి బల్లల్లా ఉంటారు, పై పిల్ల ఒక్కతే నిలబడుతుంది. మా జట్టు అప్పటిదాకా మూడు వరసలే కట్టేది, ఆరుగురితో. మిగతా నలుగురు చుట్టూ నిలబడి కేకలు. పైన నిలబడేది చిట్టి.

"వచ్చే ఏడు నేను రెండో వరసకి దిగిపోతాను అత్తా, ఈ ఏడే పైన" అంది చిట్టి.

"దిగడమేంటే? ఎదిగితే పైకి పోవాలి కదా?"

"ఎదిగితే బరువెక్కుతాం. బరువెక్కితే కిందికి."

లోకంలో అన్నిచోట్లా పెద్దవాళ్ళయ్యేకొద్దీ పైకి పోతారు. ఇక్కడ అందరూ పైనుంచి మొదలుపెట్టి ఏటా ఒక వరస దిగుతారు. ఇంత నిజాయితీగల వ్యాపారం నేను ఎక్కడా చూడలేదు.

మా ఎదురుగా వేటపాలెం ఆవిడ కూర్చుంది. తెనాలిలో జీడిపప్పు అమ్ముకుని తిరిగి వెళుతోంది. వేళ్ళు జీడిరసానికి నల్లబడి ఉన్నాయి. సంచిలో కాస్త మిగిలింది. మిగిలిన సరుకుతో ఇంటికి పోయే మనిషి ఎదురుగా కూర్చుంటే నా చేతులు ఊరుకోవు.

"గుండు ఎంత, బద్ద ఎంత?" అన్నాను.

"గుండు అయిపోయిందమ్మా. బద్దలే. మోసుకెళ్ళే ఓపిక లేదు, పావు కిలో పన్నెండుకిస్తా."

"ఎనిమిది."

"ఎనిమిదికి వాసన ఇస్తా, చూసుకో."

తొమ్మిదిన్నరకి తెగింది. పిల్లలు తలా నాలుగు బద్దలు నమిలారు. ఆవిడ చిట్టిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ క్లాసు పాపా? అయిదా?" అంది.

"ఎనిమిది" అంది చిట్టి, ముక్కు ఎగరేసి.

"ఎనిమిదా. మా పదేళ్ళ దాని గౌను నీకు వదులవుద్దే."

సుగుణ టీచరు నవ్వి, "పదమూడు నిండాయండి దానికి. గట్టిపిండం, అంతే" అన్నారు. నేను కిటికీలోంచి మినప చేలు చూశాను. చాలా శ్రద్ధగా చూశాను.

బాపట్ల: గోడ మీది కాగితం

బస ఒక బడి తరగతి గదుల్లో. బెంచీలు మూలకి నెట్టి చాపలు పరిచారు. తెనాలిలో ఎవరింటికైనా వెళితే ముందు "ఎప్పుడొచ్చారు" అంటారు, బాపట్లలో ముందు మంచినీళ్ళు ఇచ్చి తర్వాత పలకరిస్తారు. నాకు ఈ పద్ధతి నచ్చింది. నీళ్ళు తాగుతుంటే ఎదుటివాళ్ళని నింపాదిగా అంచనా వేసుకోవచ్చు.

వరండా గోడకి ఒక కాగితం అంటించి ఉంది. పది బళ్ళ టీచర్లు దాని ముందు గుమిగూడి ఉన్నారు. పోయినేడు పదిహేనేళ్ళ లోపు అందరూ ఒకటే గుంపు. ఈ ఏడు విడగొట్టారు. పదమూడు నిండనివాళ్ళు జూనియర్లు: మూడు వరసలు, పై పిల్ల నిలబడకూడదు, మోకాళ్ళ మీదే. పదమూడు నిండినవాళ్ళు సీనియర్లు: నాలుగు వరసలు కట్టి తీరాలి, పై పిల్ల నిలబడాలి. కట్టకపోతే మార్కుల్లో సగానికి సగం కోత. ఈ రెండు రోజులూ బాపట్లలో పత్రాలు చూసి పేర్లు రాసుకుంటారు. అసలు పోటీ రేపల్లెలో, ఎందుకంటే షామియానా ఇచ్చే పెద్దమనిషిది రేపల్లె.

సుగుణ టీచరు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. "ఏడాదికి ఒక మెట్టు చొప్పున నేర్పుతూ వచ్చాను. నాలుగో వరస వచ్చే ఏటికి అనుకున్నాను. వీళ్ళు గోడ మీద కాగితం అంటించి రెండు రోజుల్లో ఎక్కమంటే ఎలా?"

"మన పిల్లలంతా సీనియర్లేనా?" అన్నాను.

"అందరికీ పదమూడు నిండాయి. చిట్టికి పోయిన నెలే నిండాయి కదా. ఒక్క నెలలో తప్పిపోయింది, లేకపోతే జూనియరే."

ఇక్కడ నేను నా చరిత్ర కొంచెం చెప్పాలి. చిట్టికి నాలుగేళ్ళు నిండిన జూన్ నెలలో, ఇంట్లో దాని అల్లరి పడలేక, ఒకటో తరగతిలో వెయ్యడానికి నేనే తీసుకెళ్ళాను. అప్పటి హెడ్మాస్టరు కలం తీసి, "పాప ఎప్పుడు పుట్టిందమ్మా?" అన్నారు.

"ఎప్పుడు పుడితే సరిపోతుందండీ?" అన్నాను.

ఆయన నవ్వారు. అయిదు నిండాలన్నారు. అయిదు నిండాలంటే సరిగ్గా అయిదే వేయించడం చేతకానివాళ్ళ పని. ఎవరికైనా అనుమానం వస్తుంది. "ఇంకో ఆరు నెలలు కొసరు వేసి రాయండి, డిసెంబర్లో పుట్టిందని" అన్నాను. రాశారు. కాణీ ఖర్చు లేకుండా మనిషికి ఏడాదిన్నర వయసు సంపాదించి పెట్టానని ఇంటికొచ్చి గొప్పలు పోయాను. మా అన్నయ్య కూడా మెచ్చుకున్నాడు. నాన్న మాత్రం, "కొసరు అడిగేముందు సరుకు మోసేదెవరో చూసుకోవాలి" అన్నాడు. వయసైపోయింది, చాదస్తం అనుకున్నాను.

ఆ ఆరు నెలల కొసరే ఇప్పుడు పిల్లని గీత దాటించింది. నిజానికి చిట్టికి పదకొండున్నర. ఈ సంగతి బాపట్లలో ఇద్దరికే తెలుసు. ఆ రెండో మనిషి నా చెయ్యి గట్టిగా గిల్లి, చెవిలో అంది: "చెప్పావంటే ఊరుకోను అత్తా. నాలుగో వరస మీద నేనే నిలబడాలి. మళ్ళీ ఏడు ఎదిగిపోతాను."

నేను చెప్పలేదు. బేరం కుదిరిన తర్వాత సరుకులో లోపం మనంతట మనం చూపించడం మా వీధిలో ఎవరికీ అలవాటు లేదు.

బాపట్ల: రెండో రోజు

పొద్దున్నే హోటలుకి వెళ్ళి పన్నెండుమందికి ఇడ్లీ బేరమాడాను. ప్లేటు రూపాయి పావలా. హోటలాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇడ్లీకి బేరమేంటమ్మా, ఇదేమన్నా చీరా?" అన్నాడు.

"ధర తగ్గించొద్దు. ప్లేటుకి ఒక ఇడ్లీ ఎక్కువ వెయ్యండి."

"తగ్గించడమంటే అదే కదమ్మా."

చివరికి అల్లప్పచ్చడి ఎంత కావాలంటే అంత అని ఒప్పందమైంది. సుగుణ టీచరు పిల్లలందరి చేతా కళ్ళు మూయించి ప్రార్థన చేశారు. లూథరన్ వాళ్ళ ప్రార్థన చిన్నదేనని విన్నాను గానీ, ఆ రోజు నాలుగు వరసల గురించి దేవుడికి వివరంగా చెప్పుకోవాల్సి వచ్చి ఇడ్లీలు చల్లారాయి. మావాళ్ళు తిన్నాక "రామా" అంటారు, అదీ త్రేనుస్తూ. వేడి ఇడ్లీ విషయంలో మా పద్ధతే మేలు.

తర్వాత మైదానంలో సాధన. డప్పు మోగింది. పిల్లలు కేక అందుకున్నారు:

*మెట్టు మీద మెట్టు,*
*కాలు చూసి పెట్టు.*

నలుగురు, ముగ్గురు, ఇద్దరు. చిట్టి అందరి వీపుల మీదుగా ఉడతలా పాకి పైకి పోయి నిలబడి చేతులు చాపింది. దాని పాదాలు నా భుజాల ఎత్తున ఉన్నాయి. పక్క బళ్ళవాళ్ళు సాధన ఆపి చూశారు. వాళ్ళ పై పిల్లలందరూ పధ్నాలుగు, పదిహేనేళ్ళవాళ్ళు, కిందివాళ్ళ నడుములు అప్పటికే మూలుగుతున్నాయి. మాది ఈకలాగా ఉంది. కప్పు మనదేనని మనసులో దానికి అల్మారాలో చోటు కూడా చూసేశాను.

అప్పుడు రెండో వరసలో రూతు అనే పిల్ల మోకాలు జారింది.

గోపురం మొత్తం విడిపోయింది. సంచి చిరిగి నిమ్మకాయలు దొర్లినట్టు తొమ్మిదిమందీ దొర్లారు. గడ్డం గుండెకి, మోచేతులు లోపలికి, భుజం మీద ఒక పల్టీ, దుమ్ము దులుపుకుని నవ్వుతూ లేచారు. చిట్టి దొర్లలేదు. రెండు చేతులూ తిన్నగా చాపి, నేలని పట్టుకోబోయినట్టు వచ్చి బియ్యం బస్తాలా పడింది. మోచేయి దోక్కుపోయింది, పెదవి చిట్లింది.

సుగుణ టీచరు దాని నోరు కడుగుతూ, "చేతులు చాపొద్దని ఎన్నిసార్లు చెప్పాను? నేల పట్టుకుంటే దొరికేదా?" అని కోప్పడ్డారు. నాకేసి తిరిగి వివరించారు: "మా దగ్గర ముందు పడటం నేర్పుతాం వదినగారూ, తర్వాతే ఎక్కడం. పదకొండు నిండని పిల్లలకి ఏడాదంతా పడటమే. వాళ్ళకి భయం ఎక్కువ, ఒళ్ళు మాట వినదు. నిండినవాళ్ళకి నెల చాలు. ఇది చేరేటప్పటికి పదకొండున్నర, అందుకని నెలతో సరిపెట్టాను. ఆ నెలలో కూడా సగం రోజులు గవదబిళ్ళలని రాలేదు." మళ్ళీ చిట్టితో అన్నారు: "పదమూడేళ్ళ పిల్లవి. పదేళ్ళ దానిలాగా పడతావేంటి?"

పిల్లలందరూ నవ్వారు. చిట్టి కూడా రక్తపు పెదవితో నవ్వింది. చేరేటప్పుడు దానికి నిజంగా పదేళ్ళే. ఏడాదంతా నేర్చుకోవలసిన పాఠాన్ని నా నోటిమాట పదిహేను రోజులకి కుదించింది. ఎక్కడం వచ్చి పడటం రాని పిల్లని తయారుచేసింది టీచరు కాదు, నేను.

అయినా నోరు విప్పలేదు. చిట్టి నా వైపు చూస్తూనే ఉంది.

సూర్యలంక

మధ్యాహ్నం మెత్తటి చోట సాధన చేద్దామని సముద్రానికి బయలుదేరాం. ఆటోలవాళ్ళు ముప్ఫై అన్నారు, ఇరవై రెండుకి ఒప్పించాను. అక్కడికి వెళ్ళాక తెలిసింది, అది పోవడానికి మాత్రమేనని. తిరుగు ప్రయాణానికి వాళ్ళు ముప్ఫైకి ఒక్క పైసా తగ్గలేదు. సముద్రం ఒడ్డున నిలబడి బేరమాడేవాడికి ఉన్న బలం నాకు ఊళ్ళో ఏనాడూ లేదు.

రూతు మోకాలు వాచింది. దాని చోటుకి ఒకతిని ఎక్కిస్తే కింది వరసలో ఒక మనిషి తక్కువయ్యారు. సుగుణ టీచరు నన్ను చూశారు. నా వెనక ఎవరూ లేరు. నన్నే చూశారు.

"కింద ఉండటానికి ఏ విద్యా అక్కర్లేదు వదినగారూ. కదలకుండా ఉంటే చాలు."

నలభై రెండేళ్ళ మనిషిని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఇసుకలో చేతులూ మోకాళ్ళూ ఆనించాను. అటుగా పోతున్న ఒక పల్లెకారు పెద్దాయన వల భుజాన వేసుకుని ఆగిపోయాడు. "ఏం పోయిందమ్మా? గొలుసా?" అని వెతకడానికి తనూ వంగాడు. ఏమీ పోలేదని చెబితే నమ్మలేదు.

నా వీపు మీద ఒక పిల్ల ఎక్కింది. దాని మీద ఇంకోతి. కొట్లో అయిదు లీటర్ల కుక్కర్లు పైకెత్తే నడుము నాది అని గర్వం ఉండేది. అది అక్కడితో పోయింది. ఇసుకలో నా ముక్కు ముందు ఒక చిన్న పీత బయటికొచ్చి నన్ను చూసి, ఇంత దారుణం తను చూడలేనన్నట్టు లోపలికి పోయింది.

"చిట్టీ, ఎక్కు" అన్నారు టీచరు.

పైకి పోవడానికి అది ముందు నా వీపు మీదే కాలు వేసింది. పైనుంచి చూసేవాళ్ళకి ఉడతలా కనిపించే పిల్ల పాదం, కిందున్నవాళ్ళకి వేరే కబురు చెబుతుంది. ఆ పాదం వణుకుతోంది. పొద్దున పడిన తర్వాత దానికి భయం పట్టుకుంది. చెబితే దింపేస్తారని నోరు మూసుకుని ఎక్కుతోంది. గిన్నెని వేలితో కొట్టి అతుకు ఎక్కడుందో చెప్పేదాన్ని, ఆ అతుకు నా వీపు మీదే మోగుతుంటే తెలియకుండా ఉంటుందా?

"టీచరమ్మా" అన్నాను, ఇసుకకి చెబుతున్నట్టు. తల ఎత్తే వీలు లేదు.

"మాట్లాడొద్దు వదినగారూ, ఊపిరి కదులుతుంది."

"దీనికి పదకొండున్నర."

"ఏంటి?"

"చిట్టికి పదమూడు కాదండి. పదకొండున్నర. బళ్ళో వేసేటప్పుడు నేనే ఏడాదిన్నర ఎక్కువ రాయించాను. దాన్ని దింపండి. తర్వాత నన్ను కూడా."

డప్పు ఆగిపోయింది. చిట్టి నా వీపు మీదనుంచి కాలు తీసేసింది. వరసలన్నీ మెల్లగా విప్పారు. నేను మాత్రం లేవలేక అలాగే ఉండిపోయాను, అందువల్ల సుగుణ టీచరు నన్ను తిట్టిన తిట్లు మొత్తం ఆ భంగిమలోనే విన్నాను. తిట్లంటే పెద్దవేం కాదు. "పిల్ల ఎముకతో బేరమాడారే వదినగారూ" అన్నారు. అంతే. ఇసుక మెత్తగానే ఉంది గానీ ఆ మాట మెత్తగా లేదు.

చిట్టి నన్ను లేపడానికి చెయ్యి ఇవ్వలేదు. నీళ్ళ దాకా వెళ్ళి అటు తిరిగి నిలబడింది. పల్లెకారు పెద్దాయనే నా మోచెయ్యి పట్టి లేపాడు. "దొరికిందా?" అన్నాడు.

సాయంత్రం దాకా సుగుణ టీచరు దానికి పడటం నేర్పారు. నేను దూరంగా కూర్చుని లెక్కపెట్టాను, అరవై ఏడుసార్లు పడింది. చివరి పదిసార్లలో రెండుసార్లు చేతులు చాపలేదు.

చెరుకుపల్లి మీదుగా

మూడో రోజు రేపల్లె బస్సు. చిట్టి వెళ్ళి డ్రైవరు వెనక సీట్లో రూతు పక్కన కూర్చుంది. నాతో మాటల్లేవు. ఏమన్నా అవసరమైతే, "టీచర్ గారండీ, మా అత్తని తువ్వాలు ఇమ్మనండి" అని కబురు.

సుగుణ టీచరు నా పక్కన కూర్చున్నారు. ఇలా అన్నారు: "పైకి ఎక్కించను. అది అయిపోయింది. తప్పుడు వయసుతో జట్టులోనూ ఉంచను. రేపల్లెలో మీరే వెళ్ళి నిజం వయసు రాయించండి."

"రాయిస్తే జూనియర్లలోకి పోతుంది. జూనియర్లలో మనకి జట్టే లేదు కదండీ."

"తెలుసు."

చెరుకుపల్లిలో బస్సు ఆగితే వేరుశనగ పొట్లాలు కొన్నాను. ఒక్కటి పావలా అంటే పావలా ఇచ్చేశాను. ఇచ్చి అర కిలోమీటరు పోయాక గుర్తొచ్చింది, బేరమాడలేదని. జ్వరం వచ్చిందేమోనని నుదురు చూసుకున్నాను.

రేపల్లె

రేపల్లెలో బేరం తీరు వేరు. తెనాలిలో పది చెప్పి ఏడుకిస్తారు. ఇక్కడ పది చెబితే పదే, కానీ పైన ఇంకేదో పడేస్తారు. కూరగాయలు కొంటే కరివేపాకు, చెప్పులు కొంటే మేకులు. హోటల్లో మరీ చిత్రం. చేపల పులుసు ఇవాళ్టిది మూడు రూపాయలు, నిన్నటిది నాలుగు. మా కొట్లో నిన్నటి సరుకుని అడ్డంగా తగ్గించి అమ్ముతాం. నేను చేపలు తినను, కాబట్టి ధర గురించి మాత్రమే ఆశ్చర్యపోయాను. సుగుణ టీచరు నిన్నటి పులుసే అడిగి, "ఊరితే గానీ రుచి పట్టదు వదినగారూ" అన్నారు. అది నన్నే అన్నారో పులుసునే అన్నారో తెలియలేదు.

చిట్టిని మంచి చేసుకుందామని గాజుల కొట్లో ఎర్ర గాజులు డజను కొన్నాను. కొట్టువాడు పైన రెండు వేశాడు. ఇవ్వబోతే చిట్టి ముందురోజు తర్వాత మొదటిసారి నాతో నేరుగా మాట్లాడింది: "పిరమిడ్‌కి గాజులు వేసుకోకూడదు. నిబంధన." అని వెళ్ళిపోయింది.

నాలుగో రోజు పొద్దున షామియానా కింద బల్ల దగ్గరికి వెళ్ళాను. బల్ల వెనక ఒక గుమస్తా, ముందు కాగితాల కట్ట.

"వయసు మార్చాలండి" అన్నాను.

"పెంచాలా, తగ్గించాలా?" అన్నాడు తల ఎత్తకుండా. రోజూ వచ్చే మాటలా ఉంది.

"తగ్గించాలి."

"తగ్గిస్తే ఈ పాప జూనియర్లలోకి పోద్ది. మీ బడికి అందులో జట్టు లేదు."

"తెలుసండి."

"పోటీలోనే ఉండదమ్మా."

"అదే కావాలండి."

అప్పుడు తల ఎత్తాడు. "ఏ ఊరి జట్టు తరఫునమ్మా మీరు?" అన్నాడు, గొంతు తగ్గించి. ఎదుటి జట్టుని దెబ్బతీయడానికి వచ్చాననుకున్నాడు. నేను పిల్ల మేనత్తనని చెబితే ఇంకా అనుమానపడ్డాడు. మొత్తం కథ చెప్పాను. నా వెనక వరస పెరుగుతోంది.

"కాగితం ఎంతంటే అంతే వయసు" అన్నాడు. "నోటిమాటకి వయసు మారదు."

"మొదట రాయించింది నోటిమాటతోనేనండి. నా నోరే."

"అయితే అప్పుడు రాసుకున్న మేష్టారుని తీసుకురండి."

"ఆయన పోయారండి."

"అయితే పాపకి పదమూడే" అని ముద్ర కొట్టేశాడు.

జీవితంలో ఎన్నో సరుకులు వాపసు తీసుకోనని ఎందరికో చెప్పాను. వినడం ఎలా ఉంటుందో ఆ బల్ల ముందు తెలిసింది. అబద్ధం రాయడానికి ఒక నవ్వు సరిపోయింది, దాన్ని కొట్టేయడానికి పోయిన మనిషిని లేపుకురావాలి.

వెళ్ళి సుగుణ టీచరుకి చెప్పాను. రూతు మోకాలి వాపు అప్పటికి తగ్గింది, జట్టు మళ్ళీ పదిమంది. ఆవిడ చిట్టిని పిలిచారు. "కాగితం నిన్ను నాలుగో వరస దాకా ఎక్కమంటోంది. నా మనసు మూడో వరస దాకే ఒప్పుకుంటోంది. మూడో వరసలో మోకాళ్ళ మీద ఉంటావు. పైన ఎవరూ ఉండరు, మిగతావాళ్ళంతా బరువెక్కారు."

"సగం మార్కులు పోతాయండి" అంది చిట్టి.

"పోనీ."

"నేను నిలబడగలను."

"నిలబడగలవు. పడలేవు."

చిట్టి ఏడవలేదు. వెళ్ళి జడ బిగించుకుంది.

మా జట్టు వంతు వచ్చేసరికి నాలుగు జట్లు అయిపోయాయి. అందరూ నాలుగు వరసలు కట్టారు. ఒకటి ఒరిగి కూలింది. ఆ పై పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంటే వాళ్ళ నాన్న ఎత్తుకుని తీసుకుపోయాడు. మావాళ్ళు వెళ్ళారు. నలుగురు, ముగ్గురు, ఇద్దరు. మిగిలిన పిల్ల పక్కన నిలబడి కేక వేసింది. గోపురం మొన లేకుండా ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో పెద్దాయన, "పైన పిల్లేదయ్యా?" అని అడిగాడు. ఇంకెవరో, "టిఫినుకి పోయుంటది" అన్నారు. జనం నవ్వారు. నా మెడ నుంచి చెవుల దాకా కాలింది. అన్ని తలల మధ్యా చిట్టి తల ఒక్కటే చూశాను. మూడో వరసలో, పెదవి మీద పెచ్చు కట్టిన గాయంతో, ఖాళీగా ఉన్న ఆ నాలుగో చోటుని అది ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు.

దిగేటప్పుడు కింద ఎవరిదో చెయ్యి సడలింది. చిట్టి జారింది. నేను లేచి నిలబడ్డాను, నా ఒళ్ళోని చెంబు దొర్లిపోయింది. చిట్టి గడ్డం గుండెకి ఆనించి, మోచేతులు ముడిచి, భుజం మీద దొర్లి, రెండో దొర్లు కొంచెం వంకరగా పూర్తిచేసి, లేచి నిలబడింది. జనం అది ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

సీనియర్ల అయిదు జట్లలో మేము నాలుగో స్థానం. అయిదోది కూలిపోయిన జట్టు.

తిరుగు రైలు

మధ్యాహ్నం రేపల్లెలో తెనాలి రైలెక్కాం. పిల్లలు పాటలు పాడి, అలిసి, భట్టిప్రోలు దాటేసరికి సద్దుమణిగారు. జంపని దగ్గర చెరకు బళ్ళ కోసం గేటు దగ్గర చాలాసేపు ఆగాం. చిట్టి వచ్చి సుగుణ టీచరు ఎదురుగా కూర్చుంది, నాకు పక్కగా.

"టీచర్ గారండీ, మళ్ళీ ఎప్పుడు ఎక్కుతాను?"

"జూన్ నుంచి ఆరో తరగతి పిల్లల్లో కూర్చో. ఏడాది పడటం నేర్చుకో. తర్వాత చూద్దాం."

చిట్టి ఆలోచించింది. దాని కళ్ళలో ఏం తిరుగుతోందో నాకు తెలుసు. ఆ చూపు మా కొట్లోదే.

"మీ నిబంధన ప్రకారం పదకొండు నిండితే నెల చాలు కదండీ. నాకిప్పుడు నిజంగానే పదకొండున్నర."

సుగుణ టీచరు ఉలిక్కిపడి నా వైపు చూశారు. ఈ పిల్లకి నేనేమీ నేర్పలేదని ప్రమాణం చేద్దామనుకున్నాను గానీ, ఆ వారంలో నా మాటకి విలువ తక్కువగా ఉంది.

"నెల కొత్తగా నేర్చుకునేవాళ్ళకి" అన్నారు టీచరు. "నువ్వు తప్పుగా నేర్చుకున్నావు. ముందు అది మరిచిపోవాలి. దానికే ఆరు నెలలు పడుతుంది."

"అయితే ఆరు నెలలు."

"ఏడాది."

"ఏడాదికి నేను ఎదిగిపోతానండీ. పైన పనికిరాను, రెండో వరసలో పడేస్తారు."

"రెండో వరసలోవాళ్ళూ పడతారు. వాళ్ళ మీద పైవాళ్ళు కూడా పడతారు."

చిట్టి కాసేపు కిటికీ ఊచలు లెక్కపెట్టింది. "ఎనిమిది నెలలు" అంది. టీచరు తల అడ్డంగా ఊపారు. తొమ్మిది అంది. మళ్ళీ ఊపారు. అప్పుడు సూర్యలంక తర్వాత మొదటిసారి నా మోకాలి మీద చెయ్యి వేసి, నన్ను చూసింది. మాట్లాడు అత్తా అని. ఎవరితోనైనా, దేనికైనా, ఎంతోకొంత తగ్గించగల అత్తని కదా.

నాకు కనీసం మూడు దారులు కనిపించాయి. పది నెలల దగ్గర తేల్చగలిగేదాన్నని ఇప్పటికీ నా నమ్మకం.

"ఇచ్చెయ్యవే" అన్నాను. "చెప్పిన ధర ఇచ్చెయ్."